రక్తం కారని దెబ్బ

నకరికల్లు ఊరు ఇంకా రాకముందే చింతకొమ్మ మా అన్న తలకు తగిలింది. బస్సు టాపు మీద కూర్చున్నవాడు వెనక్కి దొర్లి రోడ్డు మీద పడ్డాడు. లోపలున్న నేను బస్సు ఆపించి పరుగెత్తేసరికి, లేచి కూర్చుని తలగుడ్డ కోసం వెతుక్కుంటున్నాడు.

అవి యుద్ధపు రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. ఉన్నవే తక్కువ, లోపల చోటు లేనివాళ్లు టాపు ఎక్కేవాళ్లు. డ్రైవరు దిగి వచ్చి అన్న తలంతా తడిమి చూశాడు.

"చుక్క నెత్తురు లేదు. గట్టి తలకాయే. కొమ్మే విరిగుంటది, చూడండి!"

జనం నవ్వారు. అన్న కూడా నవ్వాడు.

మా వైపు దెబ్బను నెత్తురుతో కొలుస్తారు. కొడవలికి వేలు తెగితే వీధంతా పసుపు పట్టుకుని వస్తుంది. నెత్తురు రాకపోతే మంచం కూడా వాల్చరు. పత్రికకు వార్తలు పంపేవాణ్ణి, నేనూ అట్లాగే కొలిచాను. "ఒకరికి స్వల్ప గాయం" అని రాసి, ఇల్లు చేరకముందే టపాలో వేశాను.

ఇంటికొచ్చాక అన్న రెండుసార్లు వాంతి చేసుకుని పడుకున్నాడు. పొద్దు వాలేవేళ వదిన నా దగ్గరికొచ్చింది.

"ఏమయ్యా, పిలిస్తే సరిగ్గా పలకటం లేదు. బండి కట్టించు, నర్సరావుపేట ఆసుపత్రికి పోదాం."

అమ్మ వంటింట్లోంచే కసిరింది. "పడుకున్నోణ్ణి లేపుతావేందే? నెత్తురన్నా రాలేదు, ఏందా తొందర? నిద్రే మందు."

నేను అమ్మ మాటే విన్నాను.

తెల్లవారి బండి కట్టేటప్పటికి అన్న కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. నెత్తురు తల లోపల కారిందన్నాడు ఆసుపత్రి డాక్టరు. ప్రాణం నిలిచింది. దస్తావేజులు రాసి బతికిన మనిషికి అక్షరాలు పోయాయి. వదిన అన్నం పెడుతుంటే, "ఎవరమ్మా నువ్వు?" అనేవాడు.

నష్టపరిహారం కోసం బస్సు యజమాని మీద కేసు వేశాం. కోర్టులో అతని ప్లీడరు "స్వల్ప గాయం" అన్న నా వార్తే చదివి వినిపించాడు. కేసు కొట్టేశారు. "అంత దెబ్బ తగిలితే పెళ్లాం ఎట్లా నిద్రపోనిచ్చిందో!" అని ఊళ్లో ఆడవాళ్లు అనుకున్నారు. అమ్మ వాళ్ల నోరు మూయించలేదు. నేనూ మూయించలేదు.

దెబ్బ తగిలిన సాయంత్రమే తీసుకొచ్చుంటే బాగుపడేవాడా అని వదిన డాక్టరును అడిగింది. "చెప్పలేనమ్మా" అన్నాడాయన. తర్వాత మరో ఇద్దరు డాక్టర్లను అడిగింది. వాళ్లూ చెప్పలేమన్నారు.