మేనమామ గండం ఏ కణంలో ఉంది?

ఆ రోజుల్లో నాకు లోకంలో రెండే జాతులు కనిపించేవి: నాతో ఏకీభవించినవాళ్ళు, నాతో వాదించే అవకాశం ఇంకా దొరకనివాళ్ళు. కుప్పంలో ఒక డిగ్రీ కాలేజీలో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. సాయంత్రాలు హేతువాద సభల్లో దేవుణ్ణి, దయ్యాన్ని, రాహుకాలాన్ని వరసగా నిలబెట్టి ఉతికేవాణ్ణి. (శ్రోతలు ఎప్పుడూ ఆ కొద్దిమందే. వాళ్ళకు అప్పటికే ఏ నమ్మకాలూ లేవు గనక గెలుపు సులువుగా ఉండేది.) ఎదుటివాడు నోరు మూసుకున్నాడంటే నిజం గెలిచినట్టేనని గట్టిగా నమ్మేవాణ్ణి. అన్ని మూఢనమ్మకాలనూ ఉతికినవాడికి ఈ ఒక్కటి ఎందుకు కనిపించలేదో!

అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు జేబుల్లోకి వస్తున్న కాలం. పెళ్ళయిన చాలా ఏళ్ళకు మా అక్క మదనపల్లెలో ఒక నర్సింగ్ హోంలో ఆడపిల్లను కన్నది. కబురు తెలియగానే క్లాసు సగంలో వదిలేసి, పలమనేరులో ఒక బస్సు, పుంగనూరులో ఇంకో బస్సు మారి, చేతిలో చిన్న ఊలు టోపీతో పరుగున వెళ్ళాను. గది వాకిట్లో మా చిన్నాయన చేయి అడ్డం పెట్టాడు. ఈయనది పుంగనూరులో గుడ్డలంగడి. గుడ్డలకన్నా పంచాంగం మీద ధ్యాస ఎక్కువ. చీర అడిగిన ఆడవాళ్ళను, అది ఏ వారం కట్టుకుంటారో చెబితే తప్ప మడత విప్పేవాడు కాదు.

“ఆడే నిలబడ్రా! బిడ్డది రోహిణి నచ్చత్రం. మేనమామకు గండం. శాంతి సేసి, నూనె గిన్నెలో బిడ్డ నీడ సూసినాకనే ముఖం సూడల్ల.”

“శాంతి ఎప్పుడు?”

“ఇప్పుడంతా మూఢమి. అది పోయినాక మంచి దినం సూస్తా.”

“గండం నాకు గదా! నేనే పడతాను, చెయ్యి తియ్యి.”

“నువ్వు పడితే మాకు ఇంగో మగ నలుసు యాడుండాది నాయనా?” అంది బెంచీ మీద వక్కాకు నములుతున్న మా అవ్వ. (నా మీద ఆమె ప్రేమ ఎప్పుడూ ఇలా వంశవృక్షం మీదుగానే వచ్చేది.)

లోపలి నుంచి అక్క నీరసమైన గొంతు వినిపించింది. “తమ్ముడొచ్చినాడా? రానీ చిన్నాయనా, బిడ్డను వాడికి సూపించల్లని ఉండాది.” వెనకే సన్నటి ఏడుపు. ఆ ఏడుపు విన్నాక నేను ఊరుకోగలనా? నాకు చేతనైన పనే మొదలుపెట్టాను. ఉపన్యాసం.

“చిన్నాయనా, బిడ్డ ఒళ్ళంతా ఉండేది ఒకటే డీఎన్ఏ. ఒకటే పుస్తకమనుకో. అయితే యాడ ఏ పేజీ చదవాల, ఏది మూసిపెట్టాల అనేదానికి దాని మీద గుర్తులుంటాయి. మిథైల్ గుర్తులంటారు. నెత్తుట్లో గుర్తులు ఒక తీరు, బుగ్గ లోపలి పొరలో ఇంకో తీరు. పుట్టిన పూటకే వేరువేరుగా ఉంటాయి. మీ రోహిణి గండం రాసిందే అనుకో, యాడ రాసింది? నెత్తుట్లోనా, బుగ్గలోనా?”

పక్క బెంచీల మీద వాల్మీకిపురం నుంచి కాన్పుకు వచ్చిన జనం నా వైపు తిరిగి కూర్చున్నారు. నాకు ఊపొచ్చింది. “బిడ్డతో పాటు పడే మావి ఉండాది గదా, అది తల్లిదనుకుంటాం. దాంట్లో చానా భాగం బిడ్డ కణాలు కట్టుకున్నదే. పుస్తకం అదే. గుర్తులు మాత్రం బిడ్డ నెత్తుటికీ దానికీ పొంతనే ఉండదు!”

చిన్నాయన కళ్ళు మూసుకుని వేళ్ళ గణుపులు లెక్కపెట్టసాగాడు. చాలాసేపటికి కళ్ళు తెరిచాడు. “అట్లయితే గండం ఒగ చోట ఉండి, ఇంగో చోట లేకుండా ఉండొచ్చునా?”

అసలు గండమే లేదని చెప్పాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే లోపల అక్క, “తమ్ముడు ఎళ్ళిపోయినాడా?” అంది.

“ఉండొచ్చు,” అన్నాను. “అన్నిటికన్నా వేరుగా ఉండేది మావే.”

“అయ్యో, దాన్ని మీ బావ పొద్దున్నే పూడ్సేసి వచ్చినాడు గదరా!” అంది అవ్వ.

చిన్నాయన చెయ్యి దించాడు. “సైన్సోళ్ళే సెప్తాండారు. పో నాయనా.”

ఎర్రగా, ముడతలు ముడతలుగా, నన్ను మింగడానికి పుట్టిన ఆ ప్రాణి ఒకసారి ఆవలించి, నా వేలు పట్టుకుని నిద్రపోయింది. టోపీ ముక్కుదాకా దిగింది. అక్క నవ్వింది, ఏడ్చింది.

కథ అంతటితో అయిపోతే బాగుండేది. కానీ చిన్నాయనకు అంగడి ఉంది, అంగడికి గిరాకీ ఉంది. కొన్నాళ్ళకు సదుం నుంచి ఒకాయన ఏకంగా కుప్పం కాలేజీ గేటు దగ్గరికే వచ్చాడు. “సార్, మా సెల్లెలి కొడుకుదీ రోహిణే. మావి పూడ్సినాము. లోతు తక్కువైందేమోనని మా నాయనకు అనుమానం. సైన్సు లెక్కలో ఎంత లోతు ఉండల్ల సార్?”

పుస్తకం, పేజీలు, గుర్తులు అంటూ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. “అదంతా సరే సార్. బిడ్డను సూడొచ్చునా, లేదా?”

“ఈ బస్సుకే పోయి సూడప్పా,” అన్నాను.

తర్వాత మూఢనమ్మకాల మీద చాలా వ్యాసాలు రాశాను. దీని మీద మాత్రం కలం కదలలేదు. ఇంతకాలంగా చేస్తున్న నా ప్రచారం మొత్తంలో జనం నిజంగా పట్టుకున్నది ఇదొక్కటే. పైగా దీని వల్ల కొందరు మేనమామలకు తలుపులు తెరుచుకున్నాయి.

ఆ పిల్ల ఇప్పుడు నాకన్నా పొడవు. మొన్న ఏదో మాటకు నేను ఎప్పటిలాగే గొంతు పెంచితే, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. “గండాన్ని మావిలో పెట్టి పూడ్సిన మనిషివి, నువ్వు నాకు హేతువాదం సెప్తాండావా మామా?”

నోరు మూసుకున్నాను. నా పాత లెక్క ప్రకారం నిజం గెలిచినట్టే.