తువ్వాలు కింద ఒక వేలు

మా నాయనది అనంతపురంలో వేరుశనగ కాయల మండీ. పదిమందిలో ధర పైకి చెప్పడం మా వాళ్లకు నామోషీ. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, లోపల వేళ్లు పట్టుకుని బేరం కుదుర్చుకుంటారు. తువ్వాలు కింద ఒప్పుకున్న మాట తిరగదు. ఎనిమిదేళ్లకే నాకా లెక్క వచ్చు. మండీలో నన్ను మించిన గడుసువాడు లేడని నా నమ్మకం.

పుట్టుకతోనే నాకు మూత్రం వచ్చే రంధ్రం కొనన కాకుండా అడుగున ఉండేది, కొన కిందికి వంగి ఉండేది. నిలబడి పోస్తే కాళ్లు తడిసేవి. బడి గోడ దగ్గర మగపిల్లలంతా వరసగా నిలబడేవాళ్లు. నేను కంపచెట్ల చాటుకు పోయి కూర్చునేవాణ్ణి. ఆ వరసలో ఒక్కసారి నిలబడితే చాలనుకునేవాణ్ణి.

మద్రాసులో ఆపరేషన్ చేస్తారని తెలిసి, నాయన ముందు ఒక్కడే పోయి డాక్టరును కలిసి వచ్చాడు. రాగానే నన్ను మూటల మీద కూర్చోబెట్టి, ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పాడు.

"ఎన్నితూర్లు కోస్తారు నాయనా?" అన్నాను.

ఆయన నా వేళ్లు రెండు పట్టుకున్నాడు. నేను ఒకటి మడిచాను. మళ్లీ రెండు పట్టుకున్నాడు. మళ్లీ మడిచాను. కాసేపు నా మొహంలోకి చూసి, మిగిలిన ఒక్క వేలినే నొక్కి వదిలేశాడు. అంతటి వ్యాపారిని సగానికి దించానని అమ్మ దగ్గర ఎన్ని కోతలు కోశానో!

గుంతకల్లులో రైలు మారి పోయాం. కోసిన తర్వాత పది రోజులు, రబ్బరు గొట్టంతో, మంటతో, పళ్లు బిగబట్టి పడుకున్నాను. ఒక్కసారే కదా. కట్టు విప్పిన రోజు డాక్టరు నాయనతో, "ఇప్పుడు వంపు మాత్రం సరిచేశాం. రంధ్రం కొనకు తెచ్చేది వచ్చే ఏడు. ముందే చెప్పాను కదా" అన్నాడు.

నాయన తలూపాడు. ఆశ్చర్యపోలేదు.

"తువ్వాలు కింద ఒకటే అంటివి కదా నాయనా!"

"ముందు రెండే అంటిని. నువ్వే మడిస్తివి."

"మరి యాల ఒప్పుకుంటివి?"

"రెండంటే నువ్వు రైలెక్కుంటివా, చెప్పప్పా?"

కాయలు తెచ్చే రైతుతో ఆయన ఏనాడూ అలా చేయలేదు. మాట తప్పితే ఆ రైతు ఇంకో మండీకి పోతాడు. నేను ఏ మండీకి పోతాను?

మరుసటి ఏడు రైలు కోసం కూర్చున్నప్పుడు ఆయన భుజం మీది తువ్వాలు తీశాడు. నేను చేతులు రెండూ చంకల్లో దోపుకున్నాను.

"ఎన్నైనా కోయించు నాయనా. పద."

రెండోది కుదిరింది. గొట్టం తీశాక ఆసుపత్రి వెనక గోడ దగ్గర మొదటిసారి నిలబడ్డాను. ధార తిన్నగా పోయి గోడకు తగిలింది.

"వచ్చెనా? నేరుగా వచ్చెనా?" వెనకనుంచి నాయన.

అయిపోయాక కూడా ఆయన వైపు తిరగకుండా చాలాసేపు గోడవైపే నిలబడి ఉన్నాను.