గడ్డివాము వెనక గోతం

మా కుటుంబరావు బాబాయి మంచివాడేనా అని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ వెంటనే జవాబు చెప్పలేను. పన్నెండేళ్ళుగా పిల్లల పేపర్లు దిద్దుతున్నదాన్ని. తప్పొప్పులు తేల్చడమే నా ఉద్యోగం. బాబాయి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎన్ని మార్కులు వేయాలో, అసలు వేయాలో వద్దో తెలియదు.

మా ఊరు నందిగామకి దగ్గర, మునేటి గట్టున. బాబాయి జగ్గయ్యపేట వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు ఎత్తేవాడు. ఆరు రోజులు సిమెంటు దుమ్ము, ఆదివారం మునేరూ గాలమూ. రోజూ సాయంత్రం మాత్రం తాగుడు. ఆ చివరిది తొంభై మూడుతో ఆగిపోయింది. ఆ ఏడాది ఆడవాళ్ళు సారా కొట్ల మీద పడ్డప్పుడు మా రాఘవమ్మ పిన్ని ముందు వరసలో ఉంది. కొట్టు మూయించి ఇంటికొచ్చి, బాబాయిని అరుగు మీద కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పింది.

"ఇంకోసారి ముట్టుకున్నావంటే వీరులపాడు మా అన్నయ్య దగ్గరికెళ్ళిపోతా. నువ్వొచ్చి కాళ్ళు పట్టుకున్నా తిరిగి రాను."

పిన్ని ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోదని ఊరందరికీ తెలుసు. అందరికంటే బాబాయికి బాగా తెలుసు. ఆయన మళ్ళీ ముట్టుకోలేదు. కనీసం మేమంతా అలాగే అనుకున్నాం.

పిన్ని గురించి ఇంకొకటి చెప్పాలి. ఆమె ఎడమకాలు కొంచెం ఈడ్చి నడుస్తుంది. తొంభై ఒకటిలో ఏటికి బట్టలుతకడానికి వెళ్ళి, గట్టున ఎవరో పగలగొట్టిన సీసా పెంకు మీద కాలేసింది. అరికాలు లోతుగా తెగింది. బాబాయే భుజం మీద వేసుకుని బస్సు దాకా పరుగెత్తాడు. నందిగామలో ఏడు కుట్లు పడ్డాయి. గాయం మానింది కానీ నొప్పి పోలేదు. చలికాలం వస్తే సలుపు మొదలయ్యేది, సలుపుతోపాటు శాపనార్థాలూ మొదలయ్యేవి.

"ఆ సీసా పగలగొట్టినవాడి చెయ్యి పడిపోను!"

గోడకి ఇవతలే మా ఇల్లు. ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మా ఇంట్లో సుప్రభాతం బదులు ఇదే వినిపిస్తోంది అని నేను వేళాకోళమాడితే పిన్ని నవ్వేది. బాబాయి నవ్వేవాడు కాదు. ఆయనకి హాస్యం తెలియదనుకునేదాన్ని.

తొంభై అయిదులో మద్యనిషేధం వచ్చింది. కొట్లు మూతపడ్డాయి, దాహాలు మూతపడలేదు. గాలాల వంకతో జగ్గయ్యపేట నుంచీ నందిగామ నుంచీ స్కూటర్ల మీద ఏటికి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. కొందరి గాలానికి ఎర కూడా ఉండేది కాదు. సరుకు ఎక్కణ్ణుంచి తెచ్చేవాళ్ళో ఆ దేవుడికే ఎరుక. సోమవారం పొద్దున చూస్తే గట్టంతా ఖాళీ సీసాలు, పకోడీ పొట్లాల కాగితాలు, పులిసిన ఎర పిండి అంటుకున్న కవర్లు, చిక్కుపడి వదిలేసిన గాలం దారాలు. గేదెల కాళ్ళకి ఆ దారాలు చుట్టుకునేవి. చదువుకున్నవాళ్ళు, ఉద్యోగస్థులు చేసే పని ఇది! ఇంట్లో గ్లాసు తీసిన చోట పెట్టకపోతే పెళ్ళాం మీద అరిచేవాళ్ళే వీళ్ళంతా.

మరుసటి ఏడాది నాకు జగ్గయ్యపేటలో టీచరుద్యోగం వచ్చింది. శనివారం సాయంత్రం ఇంటికొచ్చేదాన్ని. అలా వచ్చిన ఒక ఆదివారం మధ్యాహ్నం, పాత సామాన్లు కొనే జాన్‌బాషా సైకిలు పిన్నివాళ్ళ వాకిట్లో ఆగింది. బాబాయి ఏటికి వెళ్ళాడు.

"అమ్మా, అయ్యగారి సీసాలు సిద్ధమైనాయా అండి? లెక్క నిండాక రమ్మన్నారు. ఇటేపు వచ్చా గదా అని అడుగుతున్నా" అన్నాడు.

"ఏం సీసాలు?" అంది పిన్ని.

పాపం అతనికేం తెలుసు! గడ్డివాము వైపు చెయ్యి చూపించాడు. పిన్ని వెనక్కి వెళ్ళి గడ్డి లాగింది. రెండు గోతాలు బయటపడ్డాయి. ఒక్కొక్కటే తీసి నేల మీద పేర్చింది. బ్రాందీవి, విస్కీవి, బీరువి. డెబ్బై ఒకటి. ప్రతి సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. జాన్‌బాషా సైకిలెక్కి చల్లగా జారుకున్నాడు.

"మైథిలీ, ఇట్రా" అని కేకేసింది. "చదువుకున్నదానివి. ఇవేంటో నువ్వు చెప్పు."

నేనేం చెప్పను? సీసాలంటే సీసాలే. వాటి పక్కన నిలబడ్డ పిన్ని మొహం చూస్తే నాకు భయమేసింది. కొట్లు మూయించిన రాఘవమ్మ ఇంటి వెనకే ఇన్ని సీసాలున్నాయంటే ఊరు ఊరుకుంటుందా?

బాబాయి గాలం కర్ర భుజాన వేసుకుని వచ్చాడు. రెండో చేతిలో గోనెసంచి. అందులో ఇంకో మూడు సీసాలు.

"నేను తాగలేదు" అన్నాడు, ఎవరూ అడక్కముందే.

"మరి ఇవి?"

"గట్టున ఏరా."

"ఎందుకు?"

"గాజు గదా. ఎవరికన్నా గుచ్చుకుంటయ్యని."

"నీకు ఊళ్ళోవాళ్ళ కాళ్ళ మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచి? పోనీ ఏరావు. ఏరినవి ఏ గోతిలోనో వెయ్యక గడ్డిలో దాచటం ఎందుకు? జాన్‌బాషాకి చెప్పిన లెక్కేంటి?"

బాబాయి సంచిలోంచి ఆ మూడు సీసాలూ తీసి మిగతావాటి పక్కన పెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. ఇతరుల చెత్త ఏరినవాడు దొంగలా దాచుకోవడం ఏమిటి? తాగనివాడైతే తలెత్తి చెప్పొచ్చు కదా? తాగినవాడైతే ఖాళీ సీసాలు ఇంట్లో ఎందుకు పెట్టుకుంటాడు? ఎటు నుంచి చూసినా పొంతన కుదరలేదు.

"నా మీద ఒట్టేసి చెప్పు" అంది పిన్ని.

"నీ మీద ఒట్టు. చుక్క ముట్టలేదు."

"అయితే ఎందుకు ఏరావో చెప్పు."

బాబాయి గాలం కర్ర చూరులో దోపడానికి అటు తిరిగాడు. పిన్ని లోపలికి వెళ్ళి రెండు చీరలు సంచిలో కుక్కుకుంది. సాయంత్రం వీరులపాడు బస్సు రావడానికి అరగంట ఉంది. ఆమె కాలు ఈడ్చుకుంటూ గుమ్మం దాటుతుంటే బాబాయి అడ్డంగా నిలబడ్డాడు. కుడిచెయ్యి ముందుకు చాపాడు. వేళ్ళు ముడవబోతే సగంలోనే ఆగిపోయాయి.

"ఈ చెయ్యి పడిపోతంది, రాఘవా" అన్నాడు.

పిన్ని ఆగింది.

"ఏడాది నుంచి తిమ్మిరి. బస్తా పట్టు దొరకట్లా. నీ నోటి మాట తగిలింది. నూటెనిమిది సీసాలు గట్టు మీంచి తీసేస్తానని వేదాద్రి స్వామికి మొక్కుకున్నా. మొక్కు తీరేదాకా ఎవరికీ చెప్పకూడదని..."

"నా మాట నీకెందుకు తగులుద్ది? నేను తిట్టింది ఆ సీసా..."

మిగతాది ఆమె నోట్లోనే ఉండిపోయింది.

"నీ కాలు తెగిన ముందురోజు ఫ్యాక్టరీలో పండగ డబ్బులిచ్చారు. నలుగురం బ్రాందీ తెచ్చుకున్నాం. పొద్దు గూకేదాకా కూర్చున్నా చేప పళ్ళా. కోపమొచ్చి సీసా బండకేసి కొట్టా. తెల్లారి నీ కాల్లోంచి పెంకు పీకింది నేనే గదా. దాని మీద మా బ్రాందీ చీటీ సగం ఉంది. చూడంగానే తెలిసింది." ఆయన నేల మీది సీసాల వైపు చూశాడు. "ఇందులో ఒక్కటి గూడా నాది కాదు. అదొక్కటే నాది."

అయిదేళ్ళు ఆ శాపం పక్కనే కూర్చుని అన్నం తిన్నాడన్నమాట. నాకు జాలేసింది. ఆ వెంటనే కోపమొచ్చింది. ఆ రోజే చెప్పి ఉంటే? చెప్పి ఉంటే పిన్ని అప్పుడే వెళ్ళిపోయేదేమో. అప్పుడు తాగుడు మానేవాడా? ఎక్కడ మొదలుపెట్టి ఎవరిని తప్పు పట్టాలో నాకు అంతు చిక్కలేదు.

పిన్ని అరుగు మీద కూలబడింది. ఎడమకాలు ఒళ్ళోకి తీసుకుని అరికాలి మచ్చని చూస్తూ ఉండిపోయింది. బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, వెళ్ళిపోయింది. ఆమె ఉండిపోవాలనుకుందో, లేవడం మర్చిపోయిందో నాకు తెలియదు. అడిగే ధైర్యమూ లేకపోయింది.

ఆ తర్వాత చాలా రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. మా అమ్మ బలవంతం మీద బాబాయి నందిగామ డాక్టరుకి చూపించుకున్నాడు. బస్తాలు మోసి మోసి మెడలో నరం నొక్కుకుపోయిందన్నాడాయన. మాత్రలిచ్చి, మోత మానమన్నాడు. ఫ్యాక్టరీలో బాబాయిని గేటు దగ్గరకి మార్చారు. తిమ్మిరి మెల్లగా తగ్గింది. మాత్రలకి తగ్గిందా, మొక్కుకి తగ్గిందా అని ఆయన నన్నే అడిగేవాడు. నిషేధం పోయాక గట్టున సీసాలు ఇంకా పెరిగాయి. నూట ఎనిమిది ఎప్పుడో దాటాయి, ఆయన ఏరడం మానలేదు. తిమ్మిరి మళ్ళీ వస్తుందని భయమో, నిజంగానే బాగుచేయాలనో! అడిగితే "ఏమోనమ్మా, చెయ్యి ఊరుకోదు" అన్నాడు.

గోతాలు బయటపడ్డ ఏడాదే, కార్తీకమాసంలో చలి ముందుగానే పట్టుకుంది. ఒక ఆదివారం పొద్దున నేను పెరుగు ఇవ్వడానికి వెళ్ళాను. బాబాయి కంచం ముందు కూర్చుని ఉన్నాడు. పిన్ని వడ్డించి, గోడకి చేరగిలబడి, సలుపుతున్న కాలు నొక్కుకుంటోంది. ఏళ్ళ అలవాటు, నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆ సీసా పగలగొట్టినవాడి చెయ్యి..."

అంతే, ఆగిపోయింది. బాబాయి చెయ్యి అన్నంలో అలాగే ఉండిపోయింది. తలెత్తలేదు. ముద్ద ఎత్తలేదు. మిగతా మాట కోసం ఎదురుచూస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. పిన్ని ఆ చేతివైపు చాలాసేపు చూసింది.

"తిను" అంది చివరికి. "చల్లారిపోద్ది."