నొక్కి చూడని గోరు

తొమ్మిదేళ్లుగా ఒక టిక్కును మోస్తున్నాను. నవ్వకండి. ఎముకల క్లినిక్‌లో ఒక కాగితం మీద పెన్నుతో గీసిన టిక్కు, అంతే. ఇంట్లో వాళ్లకు చెప్పలేదు, పనిలో వాళ్లకు అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. క్షమించమని అడగను. క్షమించాల్సింది మీరు కాదు కదా.

మేడ్చల్ దగ్గర క్లినిక్‌లో సిమెంట్ పట్టీలు వేసే గది నా చేతి కింద ఉంటుంది. కొత్తగా చేరిన అమ్మాయిలకు వైద్యం మాటలు నేర్పే పని కూడా డాక్టరు గారు నా నెత్తినే పెట్టారు. ఫ్రాక్చర్ అంటే ఎముక విరగడం. డిస్‌లొకేషన్ అంటే కీలు తప్పడం. డిస్టల్ అంటే ఒంటికి దూరంగా ఉన్న వైపు. చేతికి పట్టీ వేశాక డిస్టల్ సర్క్యులేషన్ చూడమన్నారంటే, పట్టీ బయట కనిపించే వేళ్లలో రక్తం ఆడుతోందో లేదో చూడమని. గోరు నొక్కితే తెల్లబడుతుంది. వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. ఎర్రబడకపోయినా, వేళ్లు మొద్దుబారాయని మనిషి చెప్పినా, పరుగెత్తి డాక్టరును పిలవాలి. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు. అర్థం కాకపోతే అడగడానికి నోరు లేదా అని ఆ పిల్లల మీద విరుచుకుపడతాను. వాళ్లు వెనకాల నన్ను ఏమని తిట్టుకుంటారో నాకు తెలుసు.

నోరు లేనిది నాకు. నేను అడగలేదు.

అంతకుముందు దూలపల్లిలో ఒక మందుల కంపెనీలో డబ్బాలకు మూతలు బిగించేదాన్ని. ఆసుపత్రిలో రెండేళ్లు చేశానని అబద్ధమాడి ఇక్కడ చేరాను. చేరిన నెలకే మా కాలనీలో అందరూ నన్ను నర్సమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపు ఎంత బాగుండేదో ఏం చెప్పను. పట్టీ వేశాక నింపాల్సిన కాగితం మాత్రం మొత్తం ఇంగ్లీషులో ఉండేది. ఆ మాటలకు అర్థం ఎవరినైనా అడిగితే నా బండారం బయటపడుతుంది. అందుకని పాత కాగితాలు తీసి చూశాను. అన్నిటిలోనూ టిక్కులే. సరే, నేనూ టిక్కులు పెట్టాను. డిస్టల్ సర్క్యులేషన్, టిక్కు. సెన్సేషన్, టిక్కు. పై నుంచి కిందికి చకచకా, ముగ్గులో చుక్కలు పెట్టినట్టు. ఛీ, ఎంత పొగరు! అది పొగరా, భయమా? ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోతున్నాను.

ఆ రోజుల్లోనే హమీదా బీ వచ్చింది. శామీర్‌పేట దగ్గరి పల్లె ఆమెది. ఇంట్లో కూర్చుని టైలర్లకు జాకెట్ల హుక్సులు, చేతికుట్టు కుట్టి ఇచ్చేది. తడి గచ్చు మీద జారి కుడి ముంజేయి విరగ్గొట్టుకుంది. డాక్టరు గారు ఎముక సరిచేసి, పట్టీ వేసి, పక్క గదిలోకి వెళ్లారు. నేను కాగితం నింపుతూ ఉండగానే ఆమె చెప్పింది, వేళ్లు మొద్దుబారినట్టున్నాయని, పట్టీ బాగా బిగుతుగా ఉందని. నేను తలెత్తి చూడలేదు. కొత్త పట్టీ అలాగే ఉంటుంది, చెయ్యి పైకి పెట్టుకో అన్నాను. సెన్సేషన్ అన్న చోట టిక్కు పెట్టాను. స్పర్శ లేదని ఆమె నాతో చెబుతుండగా, స్పర్శ ఉందని రాశాను.

మూడో రోజు వేళ్లు నల్లబడి వచ్చింది. డాక్టరు గారు పట్టీ కోసేసి పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ ముంజేయి చీల్చి ఆపరేషన్ చేసి చెయ్యి నిలబెట్టారు. వేళ్లు మాత్రం ముడుచుకుపోయాయి. మళ్లీ సూది పట్టలేదు.

ఆమెను అలా పంపేముందు డాక్టరు గారు నా కాగితం చూశారు. ఇంటికి పంపేటప్పుడు అంతా బాగానే ఉందా అని అడిగారు. బాగానే ఉంది సార్, చెయ్యి పైకి పెట్టుకోమని చెప్పాను, ఈమే వినలేదు అన్నాను. ఆమె ముందే అన్నాను. ఆమె కాదనలేదు. అవును సార్, కిందికే వేలాడేసి పని చేసుకున్నానని ఒప్పుకుంది. వేళ్ల సంగతి సిస్టరమ్మకు ముందే చెప్పానని ఒక్క మాట అంటే సరిపోయేది కదా! ఎందుకు అనలేదు? కాగితం నింపే మనిషికి తెలియకుండా ఉంటుందా అనుకుని ఉంటుంది. నన్ను నమ్మింది, ఇంకేముంది.

అసలు నరకం ఆ తరువాత మొదలైంది. మా క్లినిక్‌కు తన వాళ్లను ఎవరో ఒకరిని తీసుకుని వస్తూనే ఉంటుంది. కూర్చున్న వాళ్లందరికీ ఆ ముడుచుకున్న చెయ్యి చూపించి, సిస్టరమ్మ చెప్పినట్టు వినండి, వినకపోతే నాలాగే అవుతుంది అని చెబుతుంది. వింటుంటే ఒళ్లు మండిపోతుంది. నోరు మూసుకోవమ్మా తల్లీ అని అరవాలనిపిస్తుంది. ఒకసారి అరిచాను కూడా, ఇక్కడ గోల చేయకు అని. సారీ అమ్మా అంది. నాకే సారీ చెప్పింది!

పోయిన వారం మనవరాలిని తీసుకొచ్చింది. ఆరేళ్ల పిల్ల, మణికట్టు విరిగింది. పట్టీ వేశాక కొత్త అమ్మాయిలను దగ్గరికి పిలిచి, ఆ పిల్ల గోరు నొక్కి చూపిస్తున్నాను. హమీదా బీ వంగి చూసింది.

"గోరెందుకు ఒత్తుతున్నవమ్మా?"

రక్తం ఆడుతోందో లేదో ఇలా తెలుస్తుందని చెప్పాను.

"నాకు గూడ గిట్లనే ఒత్తి సూసినవా అప్పుడు?"

అనుమానం లేదు ఆ గొంతులో. ఊరికే అడిగింది. అమ్మాయిలు ముగ్గురూ నా వైపే చూస్తున్నారు.

"సూసిన," అన్నాను.

"మంచిగ సూసే ఉంటవ్ తియ్. నేనే ఇనలే," అని, ఆ ముడుచుకున్న చేత్తోనే మనవరాలి తల నిమిరింది.

మొదటిసారి తెలియక చేశాననుకుందాం. మరి ఇప్పుడు? ఇప్పుడు నాకు అన్ని మాటలకూ అర్థం తెలుసు. ఇతరులకు నేర్పేంత తెలుసు.

పిల్ల పట్టీ విప్పించడానికి ఆమె మళ్లీ వస్తుంది. చెబుతానా? నా మీద నాకు నమ్మకం లేదు. అందుకే ఆమె అడిగిన దానికి జవాబు ముందు ఇక్కడ రాస్తున్నాను, రాస్తుంటే మనసు కాస్త తేలికపడుతోంది, ఆ తేలిక మీద కూడా నాకు విసుగ్గానే ఉంది.

చూడలేదు, హమీదా బీ. నువ్వు చెప్పావు. నేను నీ గోరు ముట్టుకోనైనా లేదు.