దానమ్మ టీచరు శనివారాలు

దానమ్మ టీచరు పదకొండేళ్లుగా ప్రతి శనివారం బడిపిల్లల్ని కాలవగట్టుకు తీసుకెళ్లేది. వాళ్లు ప్లాస్టిక్ కవర్లూ సీసాలూ ఏరి గోనెసంచులకెత్తితే పంచాయతీ ట్రాక్టరు పట్టుకుపోయేది.

రిటైరవడానికి నెల ముందు, ఆటోలో ముమ్మిడివరం వెళ్తూ ఆ ట్రాక్టరును చూసింది. డ్రైవరు ఆ సంచుల్ని కాలవ దిగువన నీళ్లలోకే బోర్లిస్తున్నాడు.

"ఇదేంటయ్యా?" అంది ఆటో దిగి.

"మొదట్నించీ ఇక్కడేనండి. ఇంకెక్కడ పొయ్యమంటారు టీచరుగారూ?"

సర్పంచిని అడిగితే, "ఆయ్, చూద్దామండీ" అన్నాడు. ఏమీ మారలేదు.

శనివారం పిల్లలు సంచులతో వరండాలో నిలబడ్డారు. "వెళ్దామాండీ?" అంది ఆరో తరగతి శారోన్.

నిజం చెప్పడానికి దానమ్మకి నోరు రాలేదు. వాళ్లచేత మళ్లీ ఏరించడానికి మనసూ ఒప్పలేదు.

"ఈవేళ లెక్కలు చేసుకుందామర్రా" అని బోర్డువైపు తిరిగింది. మిగిలిన శనివారాలూ అలాగే గడిచిపోయాయి.