తలుపు నిండా బోర్డులు

ఒక మనిషి గది తలుపుకున్న బోర్డులన్నిటినీ పట్టపగలు, పదిమందీ చూస్తుండగా ఊడబెరికి చెత్తబండిలో పడేశారు. ఇది అన్యాయం. ఉత్తర్వు ప్రకారమే జరిగిందంటారా? ఆ ఉత్తర్వు ప్రతి ఇక్కడ భద్రంగానే ఉంది. అందులో అన్యాయమనే మాట ఒక్కటే లేదు, తక్కినదంతా అదే.

ఆ మనిషిని విశ్వవిద్యాలయమంతా బోర్డుల మాస్టారనే పిలిచేది. ఆయనకున్న పిచ్చి ఒక్కటే. కొత్త పరిశోధక బృందం ఒకటి పెట్టడం, దానికో బోర్డు రాయించి తన గది తలుపుకి తగిలించడం, ఆపైన నడవాలో నిలబడి దాన్ని తనివితీరా చూసుకోవడం. తలుపు తీస్తే గిన్నెల బీరువా కూలినంత చప్పుడయ్యేది.

"మాస్టారూ, ఇంకొక్క బోర్డు తగిలించారంటే తలుపు మీ చేతికొచ్చేస్తుంది" అని వడ్రంగి మొత్తుకునేవాడు.

"వస్తే రానీవయ్యా, ఊడిన తలుపులకీ ఓ బృందం పెడదాం."

ఇంట్లోనూ అదే తంతు. వంటగది గుమ్మానికి 'ఉష్ణ ప్రక్రియల శాఖ' అని బోర్డు. "నన్ను అధ్యక్షురాలిని చేశారమ్మా" అని ఆయన భార్య వచ్చినవాళ్లకల్లా చెప్పుకునేది. "కాసిని గిన్నెలు తోమిపెట్టండీ అంటే మాత్రం, అది వేరే శాఖ పరిధిలోదంటారు!"

విశ్వవిద్యాలయంలో కట్టుబాటు ఇది. సైన్సు ఫ్యాకల్టీ కింద శాఖలు, శాఖల కింద బృందాలు. ఏదో ఒక బృందంలో పేరుంటేనే ప్రయోగశాలలో బల్ల, చేతిలో తాళంచెవి, శీతలగదిలో ఓ అర. పేరు లేనివాడు ఎంత చదువుకున్నా నడవాలో స్తంభంతో సమానం. స్తంభమైతే కప్పు మోస్తోంది కదా అని ఊరుకుంటారు, మనిషైతే ఊరుకోరు.

లైకెన్ల అమ్మాయికి ఆ గతే పట్టింది. రాళ్ల మీద మచ్చల్లా పాకే లైకెన్లే ఆమె చదువూ, లోకమూను. ఆమె చేత పరిశోధన చేయిస్తున్న ప్రొఫెసరు పెద్ద పదవి దొరికి మరో ఊరు వెళ్తూ, బృందాన్ని రద్దు చేసుకుని, సూక్ష్మదర్శినులు సర్దుకుని, ఈ పిల్లని మాత్రం మరిచిపోయాడు. ఆమె లైకెన్ల పళ్లేలు చేతబట్టుకుని గడపగడపా ఎక్కింది.

"ఇది నాచమ్మా, మాది కాదు" అన్నాడు బూజుల శాఖ పెద్ద.

"ఇది బూజమ్మా, మాది కాదు" అన్నాడు నాచుల శాఖ పెద్ద.

"రెండూ కలిసి బతికేదేనండీ లైకెనంటే!"

"కలిసి బతకడానికి మా దగ్గర నిబంధన లేదమ్మా."

రెంటికీ చెడ్డ రేవడై ఆమె నడవాలో నిలబడితే, అప్పటికే అక్కడ నిలబడి ఉన్న మాస్టారు తొంగిచూశారు.

"ఏంటి తల్లీ, ఆ పళ్లెంలో?"

"లైకెన్లండీ. ఏడాదంతా కాచుక్కూర్చున్నా గోరంత పెరగవు."

"ఓహో, నా పదోన్నతిలాగన్నమాట!"

మర్నాటికి తలుపు మీద కొత్త బోర్డు: 'నెమ్మదిగా పెరిగేవాటి బృందం'. అమ్మాయికి చోటు దొరికింది గానీ మనసు చివుక్కుమంది. తన చదువు ఈయన సరదాకి సాకయిందనుకుంది. ఆ గదిలో ముందే తుప్పు బృందం ఉంది, పగుళ్ల బృందం ఉంది. తలా ఒక్కరే సభ్యులు. ఆయన మాత్రం లోపలికి రారు. కిటికీ గట్టు మీద కాగితాలు పెట్టుకుని నడవాలోనే రాసుకునేవారు.

"లోపల కూర్చోరేం మాస్టారూ?"

"లోపల కూర్చుంటే బోర్డులు కనపడవు కదమ్మా!"

ఆమె నమ్మింది. నమ్మి, నవ్వింది కూడా.

అంతలో కొత్త డీన్ వచ్చాడు. శాఖలన్నిటినీ కలగలిపి నాలుగు పెద్ద మూటలు కట్టి, మూటలో ఇమడని చిన్న బృందాలన్నిటినీ రద్దు చేశాడు. సభలో మాస్టారుని నిలదీశాడు.

"తుప్పుకో బృందమా? మరీ చోద్యం కాకపోతే!"

"మీ కుర్చీ కాలికీ పట్టిందండీ. సభ్యత్వం ఇమ్మంటారా?"

సభంతా ఘొల్లుమంది. డీన్ నవ్వలేదు. "ఇంతకీ ఇన్ని బృందాల్లో మీరు దేంట్లో ఉన్నారు?"

"దేంట్లోనూ లేనండి. నేనెక్కితే ఒకరు దిగాలి."

దీనికీ నవ్వారు. అదే మా పెద్దల తెలివి.

బోర్డులు ఊడబెరికిన రోజున తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. అమ్మాయి బయటికొచ్చి చూస్తే, మాస్టారు బోసితలుపు ముందు అదే చోట నిలబడి ఉన్నారు.

"ఇక చూడ్డానికేం మిగల్లేదు కదండీ. లోపలికొచ్చి కూర్చోండి మాస్టారూ."

"ఎక్కడ కూర్చోమంటావమ్మా?" అన్నారాయన, నిష్ఠూరం లేకుండా, దారి అడిగినట్టు.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఆయన బల్ల మీద తన లైకెన్లు. ఆయన కుర్చీలో తుప్పు పరిశోధకుడు. ఆయన బీరువా నిండా పగుళ్ల పెద్దాయన సిమెంటు దిమ్మలు. ఆయన చోటంతా తాము ముగ్గురే పంచుకున్నారు. ఆయన వాటాకి నడవా మిగిలింది.

"మొహం అలా పెట్టకు తల్లీ" అంటూ మాస్టారు జేబులోంచి సుద్దముక్క తీశారు. కిటికీ పక్క గోడ మీద గుండ్రటి అక్షరాలతో రాశారు: 'బయట నిలబడేవారి బృందం'. కింద, తొలిసారిగా, తన పేరు. "ఈ బృందానికి జాగా కొరత లేదు. మొత్తం నడవా మనదే!"

గది ఖాళీ చెయ్యమని ఇప్పుడు రెండో ఉత్తర్వు వచ్చింది. అదీ భద్రంగానే ఉంది.

డీన్ గారూ, ఆయన మాటలకి నవ్విన సభాసదులారా! శాఖలు మీ ఇష్టం వచ్చినట్టు కలుపుకోండి, మూటలు కట్టుకోండి. ఆ గదిని, అందులో ముగ్గురిని ఉన్నచోట ఉండనివ్వండి. ఆ పెద్దమనిషికి ఒక కుర్చీ ఇవ్వండి, తుప్పు పట్టినదైనా సరే. చెత్తబండి ఇంకా పెరట్లోనే ఉంది. బోర్డులు తెచ్చి అప్పగించండి. మేకులు మేం కొట్టుకుంటాం.