మా అరుగుకు వీపు చూపని బ్యాండు

మా ఇంటి పెళ్ళిళ్ళకు క్లారినెట్ వాయించిన బ్యాండు మాస్టరు కొడుకు ముప్ఫయ్యేళ్ళుగా జర్మనీలో ఉంటున్నాడు. అక్కడ ఒక ఊరి ఆర్కెస్ట్రాకు కండక్టరు. డెబ్బైమంది వాద్యగాళ్ళు ఆయన సైగతో మొదలుపెడతారు, ఆయన సైగతో ఆపుతారు. పోయిన చలికాలంలో కర్నూలుకు వచ్చి, నన్ను చూడాలని ఫోను చేశాడు. ఎందుకని అడిగాను. ఒక మాట అడగాలి, ఎదురుగా కూర్చొని అడగాలి అన్నాడు.

నన్ను "అన్నా" అని పిలిచాడు. వాళ్ళ నాయన మా తాతను "పెద్దరెడ్డీ" అనేవాడు, పదేళ్ళవాణ్ణి నన్ను "చిన్నరెడ్డీ" అనేవాడు. రోజులు మారాయని నాకూ తెలుసు. మారవద్దన్నవాణ్ణి కాను. కాని అంత పేరు తెచ్చుకున్న మనిషి, ఉన్న నాలుగు రోజుల్లో ఒక పూట నాకోసం తీసిపెట్టి, నా అద్దె ఇంటి మెట్లు ఎక్కి వస్తానంటే, ఏదో పని పెట్టుకొనే వస్తాడు.

మా ఊరు ఆత్మకూరుకు అవతల, కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు వచ్చినప్పుడు ఊరు మునిగింది, దానితో మా ఇల్లూ. నీళ్ళు ముంచకుండా వదిలినదాన్ని మా నాయన, చిన్నాయన కోర్టుల చుట్టూ తిరిగి పోగొట్టారు. నేను జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠం చెప్పి రిటైరయ్యాను. ఎవరి ముందూ తల వంచలేదు, ఇస్త్రీ లేని చొక్కాతో వీధిలోకి రాలేదు. మాకు మిగిలింది పేరు. అది ఆ ప్రాంతపు ముసలివాళ్ళ నోళ్ళలో కొంత ఉంది, వాళ్ళూ ఒక్కొక్కరే పోతున్నారు.

మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. మేళంలో ఎవరూ అరుగు మీద కూర్చున్న పెద్దాయనకు వీపు చూపకూడదు. మాస్టరు తన మనుషుల వైపు తిరిగితే అరుగుకు వీపు పడుతుంది. అందుకని ఆయన ముందు నిలబడి, మా తాత వైపు మొహం పెట్టి క్లారినెట్ వాయించేవాడు. పన్నెండుమంది వెనక నిలబడి ఆయన వీపును చూస్తూ వాయించేవాళ్ళు. కుడి భుజం కాస్త లేస్తే ఎత్తుకోవాలి. మోచేయి పక్కకు జరిగితే డ్రమ్ములు తగ్గాలి. మడమ నేలకు తగిలిందంటే ముగింపు. అరుగు మీది మాకు ఇవేవీ తెలిసేవి కావు. ఎర్ర కోటు, ఇత్తడి గుండీలు, చలనం లేని మొహం, అంతే కనిపించేది. ఆ కోటు మా ఇంటి నుంచి ఇచ్చిందే.

తరువాత మాస్టరు మా ఊరు విడిచి కర్నూలు చేరాడు. కొడుకు ఇక్కడి మిషను బడిలో ఒక టీచరమ్మ దగ్గర పియానో నేర్చుకున్నాడు. మద్రాసు పోయి సినిమా పాటలకు వాయించాడు. అక్కడినుంచి స్కాలర్‌షిప్పు మీద జర్మనీ వెళ్ళాడు. మొదట నాటకశాలలో పాటగాళ్ళకు సాధన చేయించే చిన్న కొలువు, తరువాత పెద్ద కండక్టరుకు జ్వరం వచ్చిన రోజు ఆయన స్థానంలో నిలబడే కొలువు, చివరికి తనదే అయిన ఆర్కెస్ట్రా. ఇదంతా నేను పత్రికల్లో చదివి, సెల్‌ఫోనులో చూసి తెలుసుకున్నాను. ఆయన వీడియో దేన్నీ వదలలేదు. సంగీతం మీద ప్రేమతో కాదు. ఏదో ఒకనాడు మా ఇంటి మాట ఎత్తుతాడేమోనని.

ఎత్తలేదు. ఒక ఇంటర్వ్యూలో మాత్రం, చేతులు అంత తక్కువగా కదుపుతారేమని అడిగితే, తన నాయన వీపు చూసి నేర్చుకున్నానని ఇంగ్లీషులో చెప్పాడు. వాద్యగాళ్ళు చేతిని చూడడం కాక ఒకరినొకరు వినాలని నాయన సొంతంగా కనిపెట్టిన పద్ధతి అది అన్నాడు. అక్కడ ఆపి మూడుసార్లు చూశాను. సొంతంగానట. ఈయనకు నిజం తెలియకపోవాలి, లేదా తెలిసి దేనికో దాచిపెట్టుకొని ఉండాలి. రెండోదే అయ్యుంటుందని నా మనసు చెప్పింది.

చెప్పిన వేళకు వచ్చాడు. తెల్లజుట్టు, మామూలు చొక్కా. మా ఇంటామె బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెట్టింది. ఆయన రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. ఇంతగా కలిసిపోవడం దేనికా అని నేను చూస్తూనే ఉన్నాను.

"పోలీసోని మాదిరి ఏం చూస్తాండావు? ఆయప్పను తిననీ," అంది మా ఇంటామె.

చెయ్యి కడుక్కొని వచ్చి ఫోనును బల్ల మీద బోర్లా పెట్టాడు. నేను చెప్పే మాట అందులోకి ఎక్కుతుందేమో అనిపించి, దాన్ని తీసెయ్యమన్నాను. నవ్వి, ఆపేసి, వంటింట్లోకి పోయి మా ఇంటామె చేతికి ఇచ్చి వచ్చాడు. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు.

అప్పుడు సంగతి చెప్పాడు. అక్కడ ఒకామె ఆయన జీవితం మీద పుస్తకం రాస్తోంది. ఆయన చెప్పినదాన్ని మరొకరి నోట వింటే గాని రాయదట. వాళ్ళ నాయన బ్యాండు నడిపిన తీరు కళ్ళారా చూసినవాళ్ళు కావాలంది. బ్యాండువాళ్ళలో ఎవరూ మిగల్లేదు. ఊరు నీళ్ళలో ఉంది.

"చూసినోళ్ళల్లో మీరొక్కరే ఉండారు అన్నా. ఆ పద్ధతి మా నాయన సొంతంగా పెట్టుకున్యాడా, మీ తాత పెట్టించినాడా?"

ఆయనే మళ్ళీ అందుకున్నాడు.

"సొంతమేనని నేను ముప్పై ఏండ్లుగా చెప్తాండా. మీరూ అదే చెప్తే ఆయమ్మ అదే రాసుకుంటాది. ఎవురికీ ఇబ్బంది లే."

వలలో గింజలు చల్లినట్టనిపించింది. నేను అవునంటే మా తాత పేరుకు మచ్చ రాదు. కాని రేపు ఎవరైనా అసలు సంగతి బయటపెడితే, మా ఇల్లు దౌర్జన్యం చేసిందన్న మాట ఒకటి, మనుమడు అబద్ధమాడాడన్న మాట ఒకటి. పోనీ ఈయన మంచి మనసుతోనే అంటున్నాడనుకుందాం. అది ఇంకా కష్టం. మా ఇంటి పరువు మాస్టరు కొడుకు జాలి మీద నిలబడాలా? అందుకు నేను ఒప్పుకోలేను.

"మీ నాయన పెట్టుకున్యేది కాదు. మా తాత కట్టడి. రాసుకోమను," అన్నాను.

మొదలుపెట్టాక మిగతాదీ చెప్పాను. మా మేనత్త పెళ్ళిలో మగపెళ్ళివారు వాకిట్లోకి వచ్చిన వేళ, కొత్తగా చేరిన డ్రమ్మువాడు తాళం తప్పాడు. వాయిద్యాలన్నీ చెదిరిపోయాయి. మాస్టరు భుజాలతో ఎంత చెప్పినా వాళ్ళు అందుకోలేదు. మాస్టరు గిర్రున వెనక్కి తిరిగి, చేత్తో నాలుగు దెబ్బలు తాళం వేసి చూపించి, మళ్ళీ ఇటు తిరిగాడు. మేళం దారిలో పడింది. మా తాత చేతికర్ర ఎత్తి వాయిద్యం ఆపించాడు. ఆ కోటు మనది, విప్పమను అన్నాడు. రెండు వైపుల చుట్టాలూ చూస్తూ ఉండగా కోటు విప్పించి లోపలికి తీసుకుపోయారు. ముహూర్తం దగ్గర పడింది గనక మాస్టరు వెళ్ళిపోలేదు. బనియనుతో నిలబడి, అరుగు వైపు మొహం పెట్టి, తాళి కట్టేదాకా వాయించాడు. ఆ తరువాత అపస్వరం ఒక్కటి లేదు.

ఆయన వింటున్నంతసేపూ నేను ఆయన మొహమే చూశాను. ఆశ్చర్యం లేదు.

"నీకిది తెల్సు," అన్నాను.

"తెల్సు. మా యమ్మ చెప్పింది."

"తెల్సి నన్నెందుకు అడిగినావు?"

"మీరేం చెప్తారో చూద్దామని."

ఇన్నేళ్ళు పిల్లలకు పరీక్షలు పెట్టినవాణ్ణి, నా ఇంట్లో నాకే పరీక్ష పెట్టాడు. కోపం వచ్చింది. నేను అబద్ధం చెప్పి ఉంటే ఏం చేసేవాడివని అడిగాను.

"అదే రాయించేటోన్ని. నాకేం కొత్తనా?" అన్నాడు. "మా నాయన బనియన్‌తో నిలబడినాడని పరాయి దేశంలో చెప్పుకోను నోరు రాలే అన్నా."

వెళ్ళేముందు, పుస్తకం రాసే ఆమె ఫోను చేస్తే ఊరు పేరుతో, తాత పేరుతో ఇదే చెప్తారా అని అడిగాడు. చెప్తానన్నాను. మాట మార్చరు కదా అన్నాడు. ఆ అనుమానానికి నొచ్చుకున్నాను గాని, అనుమానించే హక్కు ఆయనకు లేదనలేకపోయాను.

రెండు వారాలకు ఆమె ఫోను వచ్చింది. మా ఇంటామెను గదిలో నాతోపాటు ఉండమని, తలుపు వేసి మాట్లాడాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో నిదానంగా అంతా చెప్పాను. మా తాత పేరులో ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పమంటే చెప్పాను. ఆమె రాసుకొని, ఆ కోటును లోపలికి తీసుకుపోయింది ఎవరని అడిగింది.

ఈ ప్రశ్న ఆమెది కాదనిపించింది. ఆయన అడగమని చెప్పి ఉంటాడు. వాళ్ళమ్మ అది కూడా చెప్పే ఉంటుంది. నా ఇంట్లో కూర్చున్నప్పుడు నేను "తీసుకుపోయారు" అంటే ఆయన ఎవరని అడగలేదు. మా ఇంటామె నా వైపు చూస్తోంది. ఆమెకూ ఇంతవరకు తెలియదు.

గుండీలు మాస్టరు తనే విప్పుకున్నాడని చెప్పాను. మా తాత నావైపు చూశాడు. నేను అరుగు దిగిపోయి చేతులు చాచాను. కోటు వేడిగా, చెమటతో తడిగా ఉంది. తీసుకుపోయి లోపల కొయ్యకు తగిలించాను.

అప్పుడు మీ వయసెంత అని ఆమె మెల్లగా అడిగింది.

పదేళ్ళని చెప్పి, ఆ వయసు మాత్రం రాయనక్కరలేదన్నాను.